రెండూ రైజెన్ 5 లాప్‌టాప్‌లే, మరి 16 వేల తేడా దేనికి?

అన్నగారూ, మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. అమ్మాయికి గుంటూరు దగ్గర కాలేజీలో సీఎస్ఈ సీటు వచ్చింది, హాస్టల్లో ఉంటుంది. 60 వేలు దాటకూడదు. విజయవాడ గవర్నర్‌పేటలో ఒక షాపువాళ్లు 42 వేలకు ఒకటి, 58 వేలకు ఒకటి చూపించారు. రెంటి మీదా రైజెన్ 5 ప్రాసెసర్ స్టిక్కరే, రెంటిలోనూ 512 జీబీ ఎస్ఎస్‌డీనే. "చవకది తీసుకెళ్లండి సార్, లోపల సరుకు ఒకటే" అన్నాడు సేల్స్ కుర్రాడు. మీ బావమరిదేమో రైజెన్ చేసే ఏఎండీ కంపెనీయే అసలు వద్దు, వేడెక్కి చస్తుంది, ఇంటెల్ ఐ3 అయినా నయం అంటున్నారు. మీరు పెట్టిన ఫోటోల్లో పెట్టెల మీద నంబర్లు చదవగలిగాను. చవకది రైజెన్ 5 7520యూ, 8 జీబీ ర్యామ్. ఖరీదుది రైజెన్ 5 7535హెచ్ఎస్, 16 జీబీ ర్యామ్.

లోపల సరుకు ఒకటి కాదండీ. దగ్గరదగ్గరగా కూడా లేదు. నేను గవర్నర్‌పేటలోనే లాప్‌టాప్‌లు బాగుచేస్తుంటాను, అంతకుముందు చాన్నాళ్లు కౌంటర్లో నిలబడి అమ్మాను కూడా. ఆ కుర్రాడు అబద్ధం చెప్పాడని అనను, చాలామందికి నిజంగానే తెలియదు. స్టిక్కర్ చూసి అమ్మడమే వాళ్లకు నేర్పింది.

రైజెన్ పక్కన ఉండే 3, 5, 7, 9 అంకె ఏ తరగతి ధరలో పెట్టారో చెబుతుంది, అంతే. అసలు సంగతి ఆ తర్వాత వచ్చే నాలుగంకెల్లో ఉంటుంది. 2022 సెప్టెంబరులో ఏఎండీ లాప్‌టాప్ చిప్‌లకు కొత్త నంబర్ల పద్ధతి ప్రకటించింది. 7000 వరస నుంచి అది అమల్లోకి వచ్చింది. మొదటి అంకె మోడల్ సంవత్సరం: 7 అంటే 2023, 8 అంటే 2024. రెండోది తరగతి. మూడోది కోర్ (చిప్‌లో అసలు లెక్కలు చేసే భాగం) ఏ తరానిదో చెబుతుంది, ఆ తరాలకు ఏఎండీ పెట్టిన పేరు జెన్: 2 ఉంటే జెన్ 2, 3 ఉంటే జెన్ 3, 4 ఉంటే జెన్ 4. నాలుగో అంకె 0 అయితే ఆ తరంలో కింది రకం, 5 అయితే పై రకం. చివరి అక్షరాలు కరెంటు లెక్క. యూ అంటే 15 నుంచి 28 వాట్లు, హెచ్ఎస్ అంటే 35 వాట్లు ఆ పైన, హెచ్ఎక్స్ అంటే 55 పైన, అది పెద్ద గేమింగ్ లాప్‌టాప్‌లకు.

మీరు చూడాల్సింది మూడో అంకె. 7520లో అది 2. 7535లో అది 3.

మీరు మిర్చి వేస్తారని రాశారు కాబట్టి ఇది మీకు ఇంకో రకంగా చెప్పొచ్చు. యార్డుకు మిర్చి టిక్కీ (బస్తా) వచ్చింది, రకం తేజ అన్నారు. అంతమాత్రానికే రేటు కడతారా? కొత్త కాయా, ఏసీ గోదాములో పెట్టిన పోయినేటి కాయా అని అడగరూ? ఏసీ సరుకు చెడ్డదని కాదు, ఏ ఏటి పంటో తెలియకుండా మాత్రం ఎవరూ బేరం ఆడరు. 7520యూ మీద 7 ఉంది కాబట్టి 2023 సరుకు అనిపిస్తుంది. లోపలి కోర్ డిజైన్ మాత్రం జెన్ 2, అది 2019 నాటిది. చిప్‌ను కొత్త ఫ్యాక్టరీ పద్ధతిలో అచ్చువేశారు, గ్రాఫిక్స్ కొంచెం కొత్తది పెట్టారు, కోర్ పాతదే.

ఇక ఆ రెంటినీ పక్కపక్కన పెడితే: 7520యూలో 4 కోర్లు, 8 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు), ఎల్3 క్యాష్ 4 ఎంబీ. 7535హెచ్ఎస్‌లో 6 కోర్లు, 12 థ్రెడ్లు, ఎల్3 క్యాష్ 16 ఎంబీ. ఎల్3 క్యాష్ అంటే ప్రాసెసర్ మాటిమాటికీ ర్యామ్ దాకా పోకుండా చేతికందేట్టు పెట్టుకునే చోటు. ఇది నాలుగు రెట్లు తేడా అన్నమాట. బ్రోచర్లో దీన్ని ఎవరూ పెద్దక్షరాల్లో వేయరు. వేసేది గిగాహెర్ట్జ్, అంటే చిప్ సెకనుకు ఎన్ని టిక్కులు కొడుతుందో ఆ లెక్క. అక్కడ చూస్తే ఒకటి 4.3, రెండోది 4.55, "చూశారా సార్, అంతా ఒకటే" అనడానికి వీలుగా ఉంటుంది. గిగాహెర్ట్జ్ ఒకే తరం చిప్‌ల మధ్య పోల్చుకోవడానికి పనికొస్తుంది. తరం మారితే ఆ అంకెకు అర్థం లేదు, ఎందుకంటే ఒక్కో టిక్కులో చేసే పనే వేరు.

గ్రాఫిక్స్ కూడా అంతే. రెండూ రేడియానే. చవకదానిలో 610ఎం, అందులో గ్రాఫిక్స్ యూనిట్లు 2. ఖరీదుదానిలో 660ఎం, అందులో 6. అమ్మాయి ఆటలు ఆడదన్నారు, సంతోషం, ఆ విషయం ఇక్కడితో వదిలేద్దాం.

వీటి మధ్యలో రైజెన్ 5 7530యూ అని ఇంకొకటి ఉంది. జెన్ 3, 6 కోర్లు, 12 థ్రెడ్లు, క్యాష్ 16 ఎంబీ. గ్రాఫిక్స్ పాత వేగా రకం, ర్యామ్ కూడా పాత తరం డీడీఆర్4. చదువుకునే పిల్లలకు ఇది చక్కటి చిప్ అని నా అభిప్రాయం. తక్కువ వేడి, బ్యాటరీ బాగా వస్తుంది. 7520, 7530... ఒక్క అంకె తేడా. ఆ ఒక్క అంకె కోసమే ఇంత రాస్తున్నాను. 16 జీబీ ర్యామ్‌తో 7530యూ మీకు దొరికితే, ధర మీ రెంటి నడుమ పడితే, కళ్లు మూసుకుని తీసుకోండి.

పాత స్టాకు, సెకండ్ హ్యాండ్ చూపిస్తే ఇంకో తిరకాసు. 5000 వరసలో ఈ మూడో అంకె సూత్రం పనిచేయదు. రైజెన్ 5 5500యూ జెన్ 2, 5600యూ జెన్ 3. రైజెన్ 7 5700యూ కూడా జెన్ 2నే, పేరు చూస్తే అన్నిటికన్నా పెద్దదిలా ఉంటుంది. 5625యూ జెన్ 3, అది మంచిదే. ఆ వరసలో గుర్తుపెట్టుకోవాల్సింది ఇంతే.

కొత్తవాటి పేర్లు మళ్లీ మారాయి. 2024లో రైజెన్ ఏఐ 300 అని జెన్ 5 కోర్లతో ఒక వరస వచ్చింది. 2025లో రైజెన్ 200 వరస వచ్చింది. దీన్ని చూసి 7535 కన్నా 250 చిన్న నంబరు కదా అనుకోవద్దు. రైజెన్ 7 250 అంటే జెన్ 4, 8 కోర్లు, అంతకుముందు 8840 పేరుతో అమ్మిన కుటుంబమే. మీ బడ్జెట్లో 200 వరసలో రైజెన్ 5 గానీ 7 గానీ 16 జీబీతో ఎక్కడైనా కనబడితే 7535కన్నా ముందు దాన్నే చూడండి. ఏఐ స్టిక్కర్ కోసం మాత్రం అదనంగా డబ్బు పెట్టొద్దు. మైక్రోసాఫ్ట్ కోపైలట్ ప్లస్ అనే ముద్ర వేయాలంటే చిప్‌లో ఎన్‌పీయూ అనే భాగం సెకనుకు కనీసం 40 లక్షల కోట్ల లెక్కలు చేయాలి, 16 జీబీ ర్యామ్ ఉండాలి. బీటెక్‌లో పాప రాసే ఏ ప్రోగ్రామూ ఆ ఎన్‌పీయూ కోసం ఎదురుచూడదు. మెషిన్ లెర్నింగ్ సబ్జెక్టు వచ్చినప్పుడు పిల్లలందరూ గూగుల్ కోలాబ్‌లో ఉచితంగా చేసుకుంటారు, బ్రౌజర్ తెరిస్తే చాలు.

ఇప్పుడు ర్యామ్. నన్నడిగితే మీ 16 వేల తేడాలో సగం కథ ఇక్కడే ఉంది.

7520యూ చిప్‌కు ఎల్‌పీడీడీఆర్5 ర్యామ్ ఒక్కటే సరిపడుతుంది. ఆ రకం ర్యామ్ పలకలా గుచ్చేది కాదు, మదర్‌బోర్డు మీదే టంకం పెట్టేసి వస్తుంది. అంటే ఈరోజు 8 జీబీ కొంటే నాలుగేళ్లూ 8 జీబీయే. ఏ రిపేరు షాపుకు తీసుకెళ్లినా పెరగదు. పైగా ఆ 8లో కొంత గ్రాఫిక్స్ తీసుకుంటుంది, వేరే గ్రాఫిక్స్ కార్డు లేదు కాబట్టి. కొన్ని మోడళ్లలో అర జీబీ, కొన్నిట్లో 2 జీబీ దాకా. సిస్టమ్ సెట్టింగ్స్‌లో "8 జీబీ, వాడదగింది 5.8 జీబీ" అని చూసి నా దగ్గరకు పరిగెత్తుకొచ్చినవాళ్లు ఉన్నారు, ర్యామ్ ఎవరో కొట్టేశారనుకుని.

మొదటి ఏడాది ఇదేమీ తెలియదు. సీ ప్రోగ్రాములు, పైథాన్ రాసుకోవడానికి పదేళ్ల కిందటి డెస్క్‌టాప్ కూడా చాలు. మూడో ఏడాదికి ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో వస్తుంది, ప్రోగ్రాములను విడివిడి డబ్బాల్లో నడిపే డాకర్ వస్తుంది, పక్కన క్రోమ్‌లో ఇరవై ట్యాబులు, యూట్యూబులో పాఠం, జూమ్‌లో ఇంటర్వ్యూ. అప్పుడు 8 జీబీ మిషన్ ఎలా ఉంటుందంటే, ఎమ్యులేటర్ (లాప్‌టాప్‌లోనే నడిచే ఉత్తుత్తి ఫోన్) తెరిచి టీ తాగొచ్చినా ఫోన్ బొమ్మ ఇంకా నల్లగానే ఉంటుంది. ప్లేస్‌మెంట్ల ఏడాది సరిగ్గా అదే సమయానికి వస్తుంది. కాబట్టి సీఎస్ఈకి 16 జీబీ కన్నా తక్కువ వద్దు. ఈసీఈ పిల్లలకు కూడా ఇదే చెబుతాను, చిప్ డిజైన్‌కు వాడే వివాడో లాంటి సాఫ్ట్‌వేర్ ర్యామ్‌ను మింగేస్తుంది.

"ఇప్పుడు 8తో కొని తర్వాత ఇంకో 8 వేసుకుందాం" అని నేనే చాలామందికి చెప్పేవాణ్ణి, స్లాట్లు ఉన్న మోడళ్లలో. ఇప్పుడు చెప్పడం మానేశాను. 2025 చివర్నుంచి ఏఐ డేటాసెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు బాగా ఎక్కాయి. విడిగా కొంటే వాచిపోతుంది. కంపెనీ వేసి ఇచ్చిన 16 తీసుకోవడమే లాభం.

16 ఉంటే సరిపోదు, అది ఎలా వేశారో కూడా చూడాలి. రెండు 8లు వేస్తే ప్రాసెసర్ రెండు దారుల్లో ఒకేసారి తెచ్చుకుంటుంది. ఒకే 16 పలక వేస్తే ఒక్క దారే. మామూలు పనుల్లో పెద్దగా తెలియదు కానీ, రైజెన్ గ్రాఫిక్స్ ర్యామ్ మీదే బతుకుతుంది కాబట్టి అక్కడ వేగం బాగా పడిపోతుంది. ఒకే పలక ఉన్నా మిషన్ మంచిదైతే వదులుకోవద్దు, రెండో స్లాట్ ఖాళీగా ఉందని మాత్రం రూఢి చేసుకోండి.

ఇవన్నీ షాపులోనే ఒక నిమిషంలో చూడొచ్చు. డిస్‌ప్లేకు పెట్టిన పీసు మీద కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. పెర్ఫార్మెన్స్ అనే చోట సీపీయూ మీద నొక్కితే కుడిచేతి పైన ప్రాసెసర్ పూర్తి పేరు, నంబరుతో సహా వస్తుంది. కింద కోర్లు, లాజికల్ ప్రాసెసర్లు, ఎల్3 క్యాష్ ఉంటాయి. అక్కడ 4 ఎంబీ కనబడితే లేచి వచ్చేయండి. తర్వాత మెమరీ మీద నొక్కండి. స్లాట్స్ యూజ్డ్ అనే దగ్గర 2లో 1 అనో, 2లో 2 అనో ఉంటుంది. దాని కిందే ఫామ్ ఫ్యాక్టర్. ఎస్ఓడిమ్ అని ఉంటే ఊడదీసి మార్చుకునే ర్యామ్. రో ఆఫ్ చిప్స్ అని ఉంటే బోర్డు మీద అతికించింది. మీ అమ్మాయిని తీసుకెళ్లి తననే చూడమనండి. సేల్స్ కుర్రాడు ఆ తర్వాత మీతో మాట్లాడే తీరే మారిపోతుంది.

ఒకే మోడల్ పేరుతో నాలుగైదు రకాలు ఉంటాయి. డిస్‌ప్లే పీసు 7535, పెట్టెలో ఇచ్చేది 7520 కావచ్చు, మోసం చేయాలనే కాదు, ఆ పేరుతో స్టాకులో ఉన్నది అదే కావచ్చు. పెట్టె అంచున అంటించిన స్టిక్కర్ మీద ప్రాసెసర్ నంబరు, ర్యామ్, సీరియల్ నంబరు ఉంటాయి. సీలు తీయకముందే అవి చదవండి. బిల్లు మీద ఆ మూడూ రాయించండి. "బిల్లు లేకుండా అయితే జీఎస్టీ 18 శాతం కలిసొస్తుంది సార్" అని ఎవరైనా అంటే మాత్రం బయటికి దారి చూసుకోండి. వారంటీ గొడవ వచ్చినరోజు కొన్న తేదీకి సాక్ష్యం ఆ బిల్లే.

మీ బావమరిది మాటకు వద్దాం. ఏఎండీ వేడెక్కుతుందనే మాట గాలిలోంచి పుట్టింది కాదు. పదిపన్నెండేళ్ల కిందట ఏ6, ఏ8 పేర్లతో వచ్చిన లాప్‌టాప్‌లు వాడినవాళ్లు ఎవరైనా అదే చెబుతారు, తక్కువ పని, ఎక్కువ వేడి. 2017లో రైజెన్ వచ్చాక డిజైన్ మొత్తం మారింది. 2020లో లాప్‌టాప్ చిప్‌లు తైవాన్ టీఎస్ఎంసీ వాళ్ల 7 నానోమీటర్ల పద్ధతిలోకి వచ్చాక వాట్‌కు ఎంత పని అనే లెక్కలో ఏఎండీ ఇంటెల్‌ను దాటింది కూడా. తర్వాత ఇంటెల్ పుంజుకుంది. ఈరోజు బ్రాండు పేరును బట్టి వేడి చెప్పలేం. చిప్ ఎన్ని వాట్లది, కంపెనీ ఆ డబ్బాలో ఎంత ఫ్యాను, ఎంత రాగి పెట్టింది, దాన్నిబట్టి ఉంటుంది.

ఇంటెల్లో పేర్ల గందరగోళం లేదనుకుంటే పొరపాటు. ఐ3 1215యూలో వేగంగా పనిచేసే పెద్ద కోర్లు 2, తక్కువ కరెంటుతో నడిచే చిన్నవి 4. ఐ5 1235యూలో పెద్దవి 2, చిన్నవి 8. "10 కోర్ల ప్రాసెసర్" అని అమ్ముతారు, పెద్దవి రెండే అన్నది చెప్పరు. ఐ5 12450హెచ్ అయితే పెద్దవి 4, చిన్నవి 4. మీ 58 వేలకు 7535హెచ్ఎస్ బదులు 12450హెచ్ 16 జీబీతో వస్తే అదీ మంచిదే, కాకపోతే బ్యాటరీ, గ్రాఫిక్స్ రెంటిలోనూ నా ఓటు రైజెన్‌కే. ఐ3 మాత్రం సీఎస్ఈకి వద్దు. సెలరాన్ అసలే వద్దు. స్నాప్‌డ్రాగన్ లాప్‌టాప్‌లు బ్యాటరీలో బ్రహ్మాండం, కానీ అవి ఏఎండీ, ఇంటెల్‌లకు భిన్నమైన ఆర్మ్ రకం చిప్‌లు, కాలేజీ ల్యాబు సాఫ్ట్‌వేర్లు, పరీక్షల యాప్‌లు అన్నీ నడుస్తాయన్న భరోసా లేదు. విద్యార్థికి నేను చెప్పను.

వేడి సంగతి మన ఊళ్లకు నిజంగానే ముఖ్యం. స్పెసిఫికేషన్ కాగితం చివర చిన్న అక్షరాల్లో చూడండి, చాలా లాప్‌టాప్‌లను 35 డిగ్రీల గది వేడి దాకానే వాడమని రాసి ఉంటుంది. రోహిణి కార్తెలో బెజవాడలో ఏసీ లేని గదిలో మధ్యాహ్నం అంత చల్లగా ఎక్కడుంటుంది? గాలే వేడిగా ఉంటే ఫ్యాను చేసేదేమీ లేదు. చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. 95 డిగ్రీల దగ్గర అది మామూలే, కాలిపోదు, నెమ్మదిస్తుంది. హెచ్ఎస్ చిప్ యూ చిప్ కన్నా ఎక్కువ వాట్లు లాగుతుంది కాబట్టి ఎక్కువ వేడి ఇస్తుంది, ఇది నిజమే. దానికి విండోస్ సెట్టింగ్స్‌లోనే మందు ఉంది. పవర్ మోడ్‌ను బ్యాలెన్స్‌డ్‌లో పెట్టుకుంటే నోట్సు రాసుకునేటప్పుడు, వీడియో చూసేటప్పుడు ఫ్యాను గొంతు పెద్దగా వినబడదు.

నా బల్ల మీదకు "వేడెక్కుతోంది, ఆగిపోతోంది" అని వచ్చేవాటిలో ఎక్కువ భాగం చిప్ తప్పు కాదు. వెనక మూత విప్పి ఫ్యాను పక్కకు తీస్తే, ఫ్యానుకూ రాగి రెక్కలకూ నడుమ బూడిదరంగు దుమ్ము పొర కనిపిస్తుంది, దుప్పటి నూగూ, తల వెంట్రుకలూ కలిసి గట్టిగా నేసినట్టు. చిమ్టాతో ఒక కొస పట్టుకు లాగితే పట్టీలాగా మొత్తం ఒకేసారి ఊడొస్తుంది. దాని వెనకాల రెక్కలు మాత్రం కొత్తగా మెరుస్తూ ఉంటాయి, అక్కడికి గాలే చేరలేదు కాబట్టి. ఇది మంచం మీద పరుపు పైన పెట్టి వాడినవాళ్ల లాప్‌టాప్. గాలి లాక్కునే కంతలు కింద ఉంటాయి, పరుపు వాటిని మూసేస్తుంది. హాస్టల్లో టేబుల్ లేకపోతే పెద్ద అట్టపెట్టె మూతో, రాసుకునే ప్యాడో కింద పెట్టుకోమనండి. ఏడాదికోసారి దుమ్ము తీయిస్తే చాలు.

హాస్టల్ గురించే ఇంకో మాట. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల అడాప్టర్లో గుచ్చి వాడటం పిల్లలకు అలవాటు. ఎర్తింగ్ తగలకపోతే లోహపు బాడీ ఉన్న లాప్‌టాప్ మీద చెయ్యి పెట్టినప్పుడు సన్నగా జిల్లుమంటుంది. లాప్‌టాప్ పాడైందని తెస్తారు, తప్పు ఆ రెండు పిన్నుల అడాప్టరుది. ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆపే సెట్టింగు చాలా బ్రాండ్లు ఇస్తున్నాయి, రోజంతా ప్లగ్గులో ఉంచే పిల్లలు అది ఆన్ చేసుకుంటే బ్యాటరీ ఎక్కువకాలం నిలుస్తుంది. టైప్ సీ పోర్టు ఛార్జింగ్ తీసుకుంటుందా లేదా కూడా అడగండి. కొన్నిట్లో అది డేటాకే. తీసుకునేదైతే ఛార్జరు మర్చిపోయి వచ్చినరోజు పక్క గది అమ్మాయి ఛార్జరుతో గడిచిపోతుంది.

స్క్రీన్ గురించి క్లుప్తంగా. ఫుల్ హెచ్‌డీ, ఐపీఎస్ (పక్కనుంచి చూసినా రంగులు మారని రకం) ఉండాలి. ప్రకాశం 250 నిట్లు అని ఉంటే గదిలో సరిపోతుంది, కిటికీ పక్కన కష్టం. 300 ఉంటే మంచిది. బరువు 1.7 కిలోల లోపు చూడండి, వారం వారం పల్లెవెలుగులో ఇంటికి మోసుకొచ్చేది తనే.

అందరూ పట్టించుకోని చోటు ఇంకొకటుంది, దానికి మాత్రం గట్టిగా చెబుతాను. కొన్నాక షాపులో "సెటప్ చేసిస్తాం" అంటారు. విండోస్ 11 హోమ్ మొదటిసారి తెరిచినప్పుడు మైక్రోసాఫ్ట్ అకౌంటు అడుగుతుంది. కుర్రాడు పని త్వరగా తేలిపోవాలని తన మెయిల్ ఐడీయో, షాపు ఐడీయో కొట్టేస్తాడు. ఇప్పటి విండోస్ డిస్కును తనంతట తానే ఎన్‌క్రిప్ట్ చేసి తాళం వేస్తుంది, దాని 48 అంకెల తాళంచెవి ఆ మెయిల్‌లోకి పోతుంది. రెండేళ్ల తర్వాత బయాస్ (విండోస్ కన్నా ముందు నడిచే ప్రోగ్రాం) అప్‌డేట్ అయ్యో, బోర్డు మార్చో నీలం తెర వచ్చి ఆ 48 అంకెలు అడిగితే, ఆ షాపు కుర్రాడు ఏ ఊళ్లో ఉన్నాడో ఎవరికి తెలుసు? ప్రాజెక్టు ఫైళ్లన్నీ అందులోనే. ఇలాంటివి నా దగ్గరకు వస్తాయి, నేను చేయగలిగింది ఏమీ ఉండదు. ఆ డేటా నేనే కాదు, ఎవరూ తీయలేరు. కాబట్టి అమ్మాయి సొంత మెయిల్‌తో, ఆమె చేత్తోనే సెటప్ చేయించండి. లాప్‌టాప్‌తో ఆఫీస్ కలిపి ఇస్తే అదీ అదే అకౌంటులో వెంటనే యాక్టివేట్ చేసుకోమనండి, దానికి గడువు ఉంటుంది. ధర తక్కువని విండోస్ లేని మోడల్ తీసుకుని, షాపువాడు వేసిచ్చే దొంగ విండోస్‌తో బయటికి రావొద్దు.

రైజెన్ కొన్నవాళ్లకు ప్రత్యేకంగా ఒక చిన్న చిట్కా. ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్, డాకర్ మొరాయిస్తే ప్రాసెసర్‌ను తిట్టుకోకముందు బయాస్‌లోకి వెళ్లి ఎస్‌వీఎం మోడ్ ఆన్‌లో ఉందో లేదో చూడమనండి. ఒక మిషన్ లోపల ఇంకో మిషన్ నడిపే సదుపాయాన్ని వర్చువలైజేషన్ అంటారు, దానికి ఏఎండీ బయాస్‌లో వాడే పేరు అది. నెట్‌లో దొరికే పాఠాల్లో ఎక్కువ వీటీ ఎక్స్ అని ఇంటెల్ పేరుతో చెబుతారు, పిల్లలు ఆ పేరు వెతికి దొరక్క మా మిషన్‌లో లేదనుకుంటారు.

సరే, మీ రెంటిలో 58 వేలదే తీసుకోండి. 42 వేలది ఇంట్లో బిల్లులు కట్టుకోవడానికి, సినిమా చూడటానికి, పదో తరగతి పిల్లాడి పాఠాలకు అయితే నేనే తీసుకోమనేవాణ్ణి, ఆ పనులకు అది బాగానే ఉంటుంది. నాలుగేళ్ల సీఎస్ఈకి కాదు. తీసుకునేముందు అదే షాపులో 16 జీబీ 7530యూ ఏదైనా ఉందా అని ఒకసారి, లేకపోతే గుంటూరు బ్రాడీపేటలో ఇంకోసారి అడగండి. నాలుగైదు వేలు తక్కువకు వస్తే పాప మోసే బరువూ తగ్గుతుంది, మీ ఖర్చు బరువూ తగ్గుతుంది.

దసరా దాకా ఆగమంటారా అని కూడా అడిగారు. మామూలుగా అయితే ఆగమనేవాణ్ణి, మొదటి సెమిస్టర్ కాలేజీ ల్యాబుతో గడిచిపోతుంది, పండగ సేళ్లలో బ్యాంకు కార్డు తగ్గింపులు ఉంటాయి. కానీ ర్యామ్ ధరలు ఇలా ఉన్నప్పుడు పండక్కి పెట్టే తగ్గింపు, ఈలోపు పెంచిన ధరలోంచే ఇవ్వొచ్చు. 16 జీబీది ఇప్పుడు 58కి చేతికొస్తుంటే తీసేసుకోండి. ఎక్స్‌టెండెడ్ వారంటీ అని కౌంటర్లో వాళ్లే మళ్లీ ఒక కాగితం ముందు పెడతారు. రెండో ఏడాది, మూడో ఏడాది మామూలు వారంటీకన్నా, పడినా నీళ్లు ఒలికినా కవర్ చేసే యాక్సిడెంటల్ డ్యామేజ్ ప్లాన్ హాస్టల్ పిల్లకు ఎక్కువ ఉపయోగం. అది షాపువాళ్ల సొంత ప్లాన్ కాకుండా లాప్‌టాప్ కంపెనీదే అయి ఉండాలి, మీ సీరియల్ నంబరు మీద కంపెనీ సైట్లో కనిపించాలి. ఆ బ్రాండు సర్వీసు సెంటరు విజయవాడలోనో గుంటూరులోనో ఉందా, మనిషి ఇంటికొచ్చి చేస్తాడా మనమే మోసుకెళ్లాలా అన్నది డబ్బు కట్టకముందే అడగండి.